పాడుబడ్డ గోల్ఫ్ కోర్సును బాగుచేస్తే బ్రౌన్‌గానే బాగుచేయాలి

స్కాట్లండ్ పడమటి దీవుల్లో ఒకటైన సౌత్ యూయిస్ట్‌లో ఆస్కర్నిష్ అనే చోటుంది. 1891లో ఆ కాలపు పేరుమోసిన గోల్ఫ్ ఆటగాడు ఓల్డ్ టామ్ మోరిస్ అక్కడి ఇసుక దిబ్బల మధ్య గోల్ఫ్ కోర్సు వేశాడు. తర్వాతి కాలంలో ఆ దిబ్బల్లోని హోల్స్, అంటే బంతిని మొదట కొట్టే చోటు నుంచి గుంట దాకా ఉండే ఆటదారులు, గడ్డిలో కలిసిపోయాయి. మోరిస్ ప్లాను కూడా మిగల్లేదు. 2005లో గోర్డన్ ఇర్విన్ అనే గ్రీన్‌కీపింగ్ నిపుణుడు ఆ దిబ్బల మీద నడిచి, గ్రీన్ (గుంట చుట్టూ ఉండే చదును) ఎక్కడ ఉండి ఉంటుందో, టీ (మొదటి దెబ్బ కొట్టే దిమ్మె) ఎక్కడ ఉండి ఉంటుందో నేల తీరును బట్టి పోల్చుకున్నాడు. 2008లో కోర్సు మళ్ళీ తెరిచారు.

ఈ సంగతి చదివిన విశాఖవాళ్ళలో గోల్ఫ్ ఆడేవాళ్ళకీ, పాత కట్టడాలంటే ప్రాణం పెట్టేవాళ్ళకీ ఒకే ప్రశ్న పుడుతుంది. దొరల క్లబ్బులు, రైల్వే కాలనీలు, కంటోన్మెంట్లు ఉన్న చోటల్లా తెల్లవాళ్ళు గోల్ఫ్ ఆడారు. వాటిలో వదిలేసినవి తుప్పల కింద పడి ఉంటే బయటికి తీయొద్దా? వారసత్వమే కదా?

నా జవాబు సగం ఔను. నేలలో పాత కోర్సు ఆకారం ఇంకా మిగిలి ఉంటే బాగుచేయడం సబబే. అయితే అప్పుడు అది ఎలా ఉండేదో అలాగే చేయాలి. మన దేశంలో ఆ రోజుల చిన్న కోర్సుల్లో చాలావాటికి గడ్డి గ్రీన్లు లేవు. గుండ్రంగా చదును చేసి, నూనె పట్టించిన ఇసుక పరిచిన ‘బ్రౌన్’లే ఉండేవి. టీకీ గ్రీన్‌కీ నడుమ ఉండే ఫెయిర్‌వే అంటే వానకు లేచి, ఎండకు పండిపోయే మామూలు గరిక. టీవీలో కనిపించే పచ్చటి తివాచీని పరిచి ‘చారిత్రక కోర్సు పునరుద్ధరణ’ అని బోర్డు పెడితే, అక్కడ మిగిలిన కాస్త చరిత్రా ఆ తివాచీ కిందే పోతుంది.

ఉన్నదొకటి చాలదా?

ఈ అభ్యంతరం బలమైనది, ముందు దీన్నే చూడాలి. బ్రిటిష్ కాలంలో మొదలైన ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్ మన ఊళ్ళో ఇప్పటికీ నడుస్తోంది. ముడసర్లోవ దగ్గర, కొండల నీడన 18 హోల్స్ ఉన్నాయి. ఆడాలనుకునేవాళ్ళకు చోటు లేకపోలేదు. అలాంటప్పుడు ఇంకో 50, 60 ఎకరాలు గోల్ఫ్‌కు ఎందుకు?

ఆడటానికి మాత్రమే అయితే అక్కర్లేదు. ‘ఊరికి ఇంకో కోర్సు కావాలి, పర్యాటకులు వస్తారు’ అనే వాదన వినిపించిన చోట నేను వ్యతిరేకినే. నడుస్తున్న కోర్సు ఏదైనా కాలంతోపాటు మారుతూనే ఉంటుంది. గడ్డి మారుతుంది, పొడవు పెరుగుతుంది, గ్రీన్లు తవ్వి మళ్ళీ వేస్తారు. వదిలేసిన కోర్సు మాత్రం వదిలేసిన నాటి రూపంలోనే ఆగిపోతుంది. 1900 ప్రాంతంలో రబ్బరు దారం చుట్టిన బంతి రాకముందు గట్టాపర్చా అనే చెట్టుపాల జిగురుతో చేసిన బంతితో ఆడేవాళ్ళు. అది ఎక్కువ దూరం పోదు కాబట్టి హోల్స్ పొట్టిగా, దగ్గరదగ్గరగా ఉండేవి. ఆ కొలతలు నేలలో మిగిలి ఉంటే అది చూడదగ్గ వస్తువే. అవి పోయాక మిగిలేది ఖాళీ స్థలం, దానికో పేరు. పేరు కోసం 50 ఎకరాలు అడగకూడదు.

అమెరికాలోని లీడో కోర్సు దీనికి ఎదురు ఉదాహరణ. న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్ తీరంలో మొదటి ప్రపంచయుద్ధం రోజుల్లో కట్టారు. రెండో యుద్ధంలో నౌకాదళం తీసుకున్నాక అది లేకుండా పోయింది. పాత ఫోటోల నుంచి కంప్యూటర్‌లో దాని నమూనా తయారుచేసి, 2023లో విస్కాన్సిన్‌లో అచ్చంగా అలాగే కట్టారు. ఆ శ్రమ మీద గౌరవం ఉంది. అయినా అది నకలే. సముద్రం పక్కనున్న కోర్సును సముద్రం లేని రాష్ట్రంలో కడితే గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది?

నేల ఏం దాచుకుందో చూడాలి

కాబట్టి నిర్ణయానికి ముందు జరగాల్సింది తవ్వకం. పాత ఫోటోలు, సర్వే ఆఫ్ ఇండియా పటాలు, రెవెన్యూ రికార్డులు ‘ఇక్కడ కోర్సు ఉండేది’ అనేంతవరకే చెబుతాయి. అది ఇంకా ఉందో లేదో గునపం పట్టుకున్నవాడే చెప్పగలడు.

మొదట డ్రోన్ సర్వే చేయిస్తారు, తప్పు అక్కణ్ణుంచే మొదలవుతుంది. తుప్పలు కొట్టకుండా డ్రోన్ ఫోటోలతో కాంటూరు, అంటే ఎత్తుపల్లాల గీతలు, గీస్తే వచ్చేది నేల వాలు కాదు, చెట్ల కొసల వాలు. పైనుంచి లేజర్‌తో కొలిచే పద్ధతి అయితే ఆకుల సందుల్లోంచి నేలను కొంత పట్టుకుంటుంది, ఖర్చు మాత్రం ఎక్కువ. చిన్న స్థలానికి ఎండాకాలంలో తుప్పలు కొట్టించి, 25 సెంటీమీటర్ల అంతరంతో కాంటూర్లు గీయించడం మేలు. పాత టీలు చేతికట్టు దిమ్మెలు కాబట్టి ఆ అంతరంలోనే బయటపడతాయి. ప్రకృతిలో చతురస్రపు దిబ్బ ఉండదు, అలాంటిది కనిపిస్తే అది టీ అయ్యే అవకాశమే ఎక్కువ.

తుప్పలు కొట్టడం కూడా తెలిసి చేయాలి. తలంబ్రాల చెట్టని పిలిచే లాంటానాను పైపైన నరికితే మోడు నుంచి రెట్టింపు చిగుళ్ళు వేస్తుంది. నేలకు రెండంగుళాల కింద తల్లివేరును తెగ్గొట్టి, మొక్కను తలకిందులుగా ఎండబెట్టాలి. సర్కారు తుమ్మ మోడును అడుగు లోతు వరకు తీయాలి, ఎందుకంటే దాని మొగ్గలు భూమిలోపలి కాండం మీద కూడా ఉంటాయి. వయ్యారిభామను పూతకు రాకముందే చేతికి తొడుగు వేసుకుని పీకాలి. ఈ మూడు పనుల్లోనూ జేసీబీ పెడితే సులువే, కానీ ఒక్క రోజులో అది గ్రీన్లను, దిమ్మెలను, బంకర్లనే ఇసుక గుంతలను కలిపి చదును చేసేస్తుంది. పునరుద్ధరణ పేరుతో కోర్సు రెండోసారి చచ్చేది ఇక్కడే.

ఆ తర్వాత ఊచ. నాలుగడుగుల ఇనుప ఊచను అనుమానం ఉన్న చోటల్లా దించాలి. విశాఖ ఎర్రమట్టి ఎండితే రాయిలా ఉంటుంది కాబట్టి మొదటి రెండు వానల తర్వాతే ఈ పని. బంకరు పూడిపోయిన చోట ఊచ పైనున్న ఒండ్రు దాటగానే ఇసుకలోకి సర్రున దిగుతుంది, గరగర చేతికి తెలుస్తుంది. పాత బ్రౌన్ మీదైతే కొద్ది లోతులోనే ఠంగుమని ఆగుతుంది, అది రోలర్‌తో తొక్కించిన గ్రావెల్ పొర. అలాంటి చోట్ల రెండడుగుల లోతు గుంత తీసి గోడ చూడాలి. పైన ఆకుమట్టి, దాని కింద సన్నని ఇసుక, ఆ ఇసుకలో నూనె వల్ల నల్లబడ్డ చార, అడుగున గట్టి ఎర్ర గ్రావెల్ ఇదే వరుసలో కనిపిస్తే అది బ్రౌన్. తొమ్మిది హోల్స్‌లో కనీసం మూడింటికైనా ఈ సాక్ష్యం దొరక్కపోతే కోర్సునంతా ఊహించి కట్టడమే అవుతుంది.

ఆస్కర్నిష్ మీద ఉన్న అనుమానమూ ఇదే. ప్లాను లేకుండా కంటితో చూసి గుర్తుపట్టిన హోల్స్‌లో మోరిస్‌వి ఎన్ని, 2008 వాళ్ళవి ఎన్ని? అమెరికాలోని పాయిన్‌హర్స్ట్ రెండో నంబరు కోర్సులో బిల్ కూర్, బెన్ క్రెన్‌షా అనే కోర్సు రూపకర్తలు 2010, 2011లో పనిచేసినప్పుడు వాళ్ళ చేతిలో 1943 నాటి విమాన ఫోటోలు ఉన్నాయి. నేలలో పాత నీటి పైపు వరుస కూడా దొరికింది. ఆ రోజుల్లో ఒకే వరుస పైపు ఫెయిర్‌వే నడుమన పోయేది కాబట్టి, పైపు వెంట పోతే పాత ఫెయిర్‌వే నడిమి గీత దొరికినట్టే. నాకు నచ్చే పని అదీ.

నీళ్ళ లెక్క

పాయిన్‌హర్స్ట్ మాట వచ్చింది కాబట్టి ఇంకోటి. 1935 వరకూ ఆ ప్రసిద్ధ కోర్సులో గ్రీన్లు నూనె పట్టించిన ఇసుకవే. గడ్డి గ్రీన్లు ఆ తర్వాత వచ్చాయి. కూర్, క్రెన్‌షా సుమారు 35 ఎకరాలకు పైగా పెంచిన గడ్డిని పీకేసి ఇసుకనేలను బయటపెట్టారు. నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్ తలలను 1,150 నుంచి 450కి తగ్గించారు. 2014లో అక్కడ పురుషుల, మహిళల యూఎస్ ఓపెన్లు వరుస వారాల్లో జరిగినప్పుడు, టీవీలో చూసినవాళ్ళు చాలామంది మైదానం ఎండిపోయిందని విమర్శించారు. కోర్సు తన అసలు రంగులో ఉందని వాళ్ళకు తట్టలేదు.

మన లెక్క చూద్దాం. ఒక హెక్టారు మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే 10 వేల లీటర్లు. తొమ్మిది హోల్స్‌కు ఫెయిర్‌వేలు 20 ఎకరాలు, అంటే సుమారు 8 హెక్టార్లు అనుకుందాం. ఎండాకాలంలో రోజుకు 5 మిల్లీమీటర్లు పెట్టాలంటే 4 లక్షల లీటర్లు. పట్టణాల్లో తలసరి 135 లీటర్ల ప్రమాణంతో చూస్తే దాదాపు 3 వేల మందికి ఒక రోజు నీళ్ళు. కుళాయి వచ్చే వేళ కోసం బిందెలు పట్టుకుని నిలబడే వీధులున్న ఊళ్ళో ఈ అంకెను ఎవరూ సమర్థించలేరు, నేనూ సమర్థించను.

ఇక్కడ బ్రౌన్‌ను ఇష్టపడేవాళ్ళు ఒక పొరపాటు చేస్తారు. గడ్డి గ్రీన్లు తీసేస్తే నీళ్ళు మిగులుతాయంటారు. గ్రీన్ ఒక్కోటి 500 చదరపు మీటర్లనుకుంటే తొమ్మిదింటికీ కలిపి రోజుకు 22,500 లీటర్లే. అసలు నీళ్ళు తాగేది ఫెయిర్‌వే. కాబట్టి బ్రౌన్ వేసి ఫెయిర్‌వేకు స్ప్రింక్లర్లు పెట్టడం అర్థంలేని పని. ఫెయిర్‌వేను వానకే వదిలేయాలి. మనకు ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్ల పైచిలుకు వాన పడుతుంది, ఎక్కువ భాగం జూన్ నుంచి నవంబరు లోపలే. ఆ ఆరు నెలలు గరిక పచ్చగా ఉంటుంది. మార్చి వచ్చేసరికి పండిపోతుంది గానీ చావదు. మొదటి వానకు మళ్ళీ లేస్తుంది. ఆ ఎండిన నేల మీద బంతి ఎక్కువ దొర్లుతుంది, ఆట మారుతుంది. పాత రోజుల్లో మన ఎండాకాలపు ఆట అదే.

శుద్ధి చేసిన మురుగునీరు వాడొచ్చు కదా అంటారు. వాడొచ్చు, గరిక తట్టుకుంటుంది. అయితే ఆ నీటిలోని సోడియం ఏళ్ళ తరబడి మట్టిలో చేరితే నేల బిగుసుకుపోయి నీరు ఇంకదు, జిప్సం వేస్తూ మట్టి పరీక్షలు చేయిస్తూ ఉండాలి. నిజానికి ఆ నీటికి మన ఊళ్ళో ఫ్యాక్టరీలు ఉన్నాయి, ముందు వాటికివ్వడం న్యాయం.

బ్రౌన్ వేయడం, అది చెడే తీరు

నీళ్ళలో కాకపోతే బ్రౌన్ దేనిలో మిగులుస్తుంది? ఇసుకలో, యంత్రాల్లో, మందుల్లో. అమెరికన్ గోల్ఫ్ సంఘం పద్ధతిలో గ్రీన్ కట్టాలంటే అడుగున 10 సెంటీమీటర్ల కంకర, దాని మీద 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం, కింద నాలుగున్నర మీటర్లకొకటి చొప్పున చిల్లుల పైపులు కావాలి. 500 చదరపు మీటర్ల గ్రీన్‌కు ఇసుకే 150 ఘనపు మీటర్లు. టిప్పర్‌కు 6 ఘనపు మీటర్లనుకుంటే 25 టిప్పర్లు, తొమ్మిది గ్రీన్లకు 225. ఆపైన హైబ్రిడ్ గరికను మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎత్తులో దాదాపు రోజూ కోసే రీల్ మిషన్, దాని బ్లేడు పదును పట్టేవాడు, శిలీంధ్రాల మందు. ఇంతా చేశాక చుట్టూ ఉన్న నాటు గరిక పాకి లోపలికొస్తుంది, గ్రీన్ మచ్చలు పడుతుంది. గరికలోంచి గరికను ఏరడానికి మందు లేదు.

12 మీటర్ల వ్యాసమున్న బ్రౌన్‌కు 113 చదరపు మీటర్ల చోటు, 4 సెంటీమీటర్ల ఇసుక చాలు. అంటే నాలుగున్నర ఘనపు మీటర్లు, ఒక టిప్పర్ కూడా నిండదు. తొమ్మిదింటికీ ఏడు టిప్పర్లు.

కట్టే పద్ధతి ఇది. పైమట్టి ఒక జానెడు తీసేసి, ఎర్ర గ్రావెల్‌ను రెండు పొరలుగా 15 సెంటీమీటర్లు పోసి, తడిపి, రోలర్ తొక్కించాలి. మధ్య నుంచి అంచుకు 6 మీటర్లలో 5 సెంటీమీటర్ల వాలు ఉండాలి. అంతకంటే తక్కువైతే నీరు నిలుస్తుంది, ఎక్కువైతే అక్టోబరు వానకు ఇసుకంతా కిందకు జారి ఒక పక్క పేరుకుంటుంది. చుట్టూ అందం కోసం ఇటుక వరస పెట్టొద్దు. నీటికి అది కట్టలా అడ్డుపడుతుంది, బంతి తగిలి ఎగురుతుంది. మధ్యలో 108 మిల్లీమీటర్ల వ్యాసం, కనీసం నాలుగంగుళాల లోతుతో గుంట, దాంట్లో లోహపు గిన్నె. గిన్నె అంచు ఇసుక పైకి రాకూడదు.

ఇసుక 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టినదై ఉండాలి. బీచ్ ఇసుక ఎదురుగానే ఉంది కదా అనిపిస్తుంది. తీరంలో ఇసుక తవ్వడాన్ని సీఆర్‌జెడ్ అనే తీరప్రాంత నియంత్రణ నిబంధనలు ఒప్పుకోవు. పైగా అందులోని ఉప్పు అంచున ఉన్న గడ్డిని చంపుతుంది. రాయిని పిండిచేసిన రోబో శాండ్ వాడితే కడిగి సన్నపొడి పోగొట్టాలి, లేకపోతే తడిసి ఆరాక సిమెంటు గచ్చులా బిగుస్తుంది. ఇసుక లోతు 5 సెంటీమీటర్లు దాటితే బంతి దొర్లడం మానేసి చాలు తవ్వుకుంటూ పోతుంది. రెండు కంటే తగ్గితే గ్రావెల్ తేలుతుంది.

చిక్కంతా నూనెతోనే. అప్పట్లో ఇంజన్ నుంచి తీసిన పాత నూనె పోసేవాళ్ళు. గాలికి ఇసుక లేవదు, చీమలు చేరవు, తుంగ మొలవదు. ఇప్పుడది 2016 నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం, అందులోని లోహాలు వానతో గెడ్డలోకి, గెడ్డతో సముద్రంలోకి పోతాయి. అసలు రూపమే కావాలంటున్న నేను ఇక్కడ అసలు రూపాన్ని వదిలేయమంటాను. మొక్కల నూనెలు కొన్నాళ్ళకు జిగటపడతాయి, మళ్ళీ ఇసుక మార్చాలి. నీళ్ళు చల్లడమే మిగిలిన దారి. ఒక బ్రౌన్‌కు 2 మిల్లీమీటర్లంటే 226 లీటర్లు, ఒక డ్రమ్ము పైచిలుకు. పొద్దున ఆటకు ముందు ఒకసారి చల్లితే సముద్రపు గాలి ముదిరేలోపు ఇసుక నిలుస్తుంది. తుంగను మాత్రం గడ్డతో సహా తవ్వి తీయాల్సిందే. పీకితే ఆకు చేతికొస్తుంది, గొలుసులా ఉన్న గడ్డలు లోపలే ఉంటాయి.

ప్రతి ఆట తర్వాత గోనెపట్టా కట్టిన కర్రతో ఇసుకను సాపు చేయాలి. పాత రోజుల్లో ఆ పని చేసింది మాలీలు, సంచి మోసే క్యాడీ కుర్రాళ్ళు. క్లబ్బుల గోడల మీద కెప్టెన్ల పేర్ల బోర్డులుంటాయి, వీళ్ళ పేర్లు ఎక్కడా ఉండవు. బ్రౌన్‌ను బతికించడమంటే వాళ్ళ చేతిపనిని బతికించడం కూడా అని నేను నమ్ముతాను. చుట్టుపక్కల ఊళ్ళలో ఆ పని తెలిసిన పెద్దవాళ్ళుంటే, జీతమిచ్చి వాళ్ళతోనే నేర్పించాలి.

ఇప్పుడు అక్కడున్నవాళ్ళ సంగతి

మన దేశంలో వదిలేసిన మైదానం ఖాళీగా ఉండదు. పిల్లలు క్రికెట్ పిచ్ చేసుకుని ఉంటారు, ఆవులు మేస్తుంటాయి, అవతలి కాలనీకి అడ్డదారి పడి ఉంటుంది. ఆస్కర్నిష్‌లోనూ మేత హక్కుల కోసం కొందరు రైతులు కోర్టుకెక్కారు. చివరికి చలికాలంలో పశువులు కోర్సు మీదే మేస్తాయి, గడ్డి కురచగా ఉండటానికి అదీ సాయపడుతుంది. మన దగ్గర వానాకాలంలో గరిక జోరుగా పెరిగే నెలల్లో మేకలనూ ఆవులనూ రానిస్తే సగం కోత ఖర్చు తగ్గుతుంది. బ్రౌన్ల చుట్టూ తాత్కాలికంగా కంచె వేస్తే చాలు.

ఎంతమంది ఆడతారో కూడా చూడాలి. పది నిమిషాలకొక నలుగురు చొప్పున గంటకు 24 మంది, పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు 72 మంది. అంతమంది కోసం 50 ఎకరాలకు రోజంతా గేటు వేయడం అన్యాయం. స్కాట్లండ్‌లోని సెంట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు గోల్ఫ్‌కు పుట్టిల్లు, దానికీ మామూలుగా ఆదివారం ఆట ఉండదు, ఊరివాళ్ళు పిల్లల్నీ కుక్కల్నీ తీసుకుని దాని మీద నడుస్తారు. మనం తొమ్మిది గంటల తర్వాత అందరికీ తెరిచి ఉంచొచ్చు. బ్రౌన్ మీద పిల్లలు పరిగెత్తినా పోయేదేమీ లేదు, సాయంత్రం గోనెపట్టా లాగితే సరి. గడ్డి గ్రీన్ మీద ఆ మాట అనలేం.

చుట్టూ వచ్చిన ఇళ్ళు ఇంకో చిక్కు. కుడిచేతి ఆటగాళ్ళలో ఎక్కువమందికి తప్పిన బంతి కుడివైపే పోతుంది. పాత హోల్ కుడిపక్క ఇప్పుడు రోడ్డో అపార్టుమెంటో ఉంటే ఆ హోల్‌ను తిప్పాలి, కుదరకపోతే వదిలేయాలి. అలా రెండు హోల్స్ పోయి ఏడు మిగిలితే ఏడే ఆడాలి. చెట్ల విషయంలోనూ అంతే. అమెరికాలో ఓక్‌మాంట్ లాంటి చోట్ల పాత రూపం కోసం వేల చెట్లు కొట్టేశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఒక్క రోజులో ఊరి చెట్లను ఎలా పడగొట్టిందో చూసిన ఊరు ఇది. ఫెయిర్‌వే నడుమ మర్రి పెరిగితే దాన్ని దాటించి కొట్టడం నేర్చుకోవాలి తప్ప గొడ్డలి పట్టకూడదు.

నాకు అన్నిటికంటే భయం వేరే. పునరుద్ధరణ అని మొదలై, క్లబ్ హౌస్, దాని పక్కన గెస్ట్ హౌస్‌లు, ఆ పక్కన ‘గోల్ఫ్ వ్యూ’ విల్లాలు. విశాఖలో 50 ఎకరాల ఖాళీ నేల అంటే ఎంత ఒత్తిడి ఉంటుందో చెప్పక్కర్లేదు. అందుకే భూమి ప్రభుత్వం పేరనే ఉండాలి, లీజులో పక్కా కట్టడానికి చోటుండకూడదు, శాశ్వత సభ్యత్వాలు అమ్మకూడదు, ఆడినవాళ్ళు ఆడిన రోజుకు డబ్బు కట్టాలి. ఈ షరతుల్లో ఒక్కటి తగ్గినా నా మద్దతు ఉండదు. తుప్పలుగా ఉన్నా సరే, నేల నేలగానైనా మిగులుతుంది.

ఒప్పుకుంటే పని ఇలా సాగాలి. ఫిబ్రవరి, మార్చిలో లాంటానా తీత, కాంటూరు. జూన్ మొదటి వానలకు ఊచ, గుంతలు. గుంతల్లో పొరలు కనిపిస్తే జూలైలో బోసిగా ఉన్న చోట జానెడు ఎడంతో గరిక తీగలు నాటి రోలర్ దించడం. ఆ వానాకాలమంతా నీరు ఎటు పోతుందో, గెడ్డ ఎక్కడ పొంగుతుందో చూసి రాసుకోవడం. బ్రౌన్ల గ్రావెల్ నవంబరు వానలు వెళ్ళాకే పోయాలి, ముందు పోస్తే కొట్టుకుపోతుంది. జనవరికి ఆడొచ్చు. గుంతల్లో ఏమీ కనిపించకపోతే జూన్‌లోనే వాటిని పూడ్చి, క్రికెట్ పిల్లలకు పిచ్ మీద కాస్త మంచి మట్టి పోయించి రావాలి.